తెలుపు లెక్క తేలాలి

పోయిన సంచికలో నామినేషన్ గురించి రాసినదానికి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటికి విడివిడిగా జవాబులు పంపాను. ఈ మారు డబ్బుకు సెలవు. అయితే లెక్కకు మాత్రం సెలవు లేదు, అది ఎక్కడికి వెళ్ళినా వెంట వస్తుంది.

విషయం ఏమిటంటే, మన సంఘం హాలులో వేదికకు ఎదురుగా ఉన్న పొడవాటి ఖాళీ గోడను చూసి కార్యవర్గానికి ఒక ఆలోచన కలిగింది. కోట కొండ మీద నిలబడితే కనిపించే బళ్ళారిని ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒకే పటంగా అక్కడ పెట్టాలని. మన పిల్లలు నలుగురు ఒక సాయంత్రం కొండెక్కి వరసగా పన్నెండు ఫోటోలు తీశారు. కంప్యూటర్లో అతికించి, నమూనాకు ఒక ప్రింటు వేయించి తెచ్చారు. కోట గోడ చక్కగా కలిసింది, కుంబార గుడ్డ ఎక్కడా విరగలేదు, రోడ్లు తెగలేదు. కానీ ఆకాశం చూడండి! ఒక చోట నీలం, పక్కన బూడిద, ఆ పక్కన కాస్త గులాబి, మళ్ళీ నీలం. కార్యవర్గంలో ఒక పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని, "ఏమప్పా, ఆకాశానికి చారల చీర కట్టినారే!" అన్నారు. పిల్లలు మొహాలు చిన్నబుచ్చుకున్నారు.

వాళ్ళ తప్పు పెద్దగా ఏమీ లేదు. కెమెరాలో 'ఆటో' అని ఒక గుమాస్తా ఉంటాడు. మనం చెప్పకపోయినా ప్రతి ఫోటోకూ తెలుపు ఏదో తనే నిర్ణయిస్తాడు. పన్నెండు ఫోటోలకు పన్నెండు నిర్ణయాలు. విడివిడిగా చూస్తే ప్రతిదీ బాగానే ఉంటుంది. పక్కపక్కన పెడితేనే గుట్టు బయటపడుతుంది.

ఈ తెలుపు గొడవను మొదటి నుంచి చెప్పుకుందాం. మనది బళ్ళారి రాఘవ (1880–1946) ఊరు కనుక నాటకాల భాషలోనే చెబుతాను. రంగస్థలం మీద పసుపు దీపం వెలిగించి, తెల్ల జుబ్బా వేసుకున్న నటుణ్ణి నిలబెట్టండి. జుబ్బా మీద పడే వెలుగు పసుపుదే, దాని మీంచి మన కంటికి వచ్చేదీ పసుపే. అయినా చూసేవాళ్ళలో ఒక్కరు కూడా "పసుపు జుబ్బా" అనరు. కన్నూ మెదడూ కలిసి దీపం రంగును మినహాయించి, బట్ట రంగును మనకు చెబుతాయి. కెమెరాకు ఈ లౌక్యం లేదు. వచ్చిన వెలుగును వచ్చినట్టు కొలుస్తుంది. ఆ తర్వాత ఎవరో ఒకరు "ఈ దీపం ఇంత పసుపు, అంత తీసెయ్" అని చెప్పాలి. ఆ చెప్పడాన్నే వైట్ బ్యాలెన్స్ అంటారు. తెలుపు తూకం అనుకోండి.

వెలుగు రంగును కెల్విన్లలో కొలుస్తారు. కొవ్వొత్తి దాదాపు 1900, పాతకాలం ఫిలమెంటు బల్బు 2700 నుంచి 2800, మధ్యాహ్నపు ఎండ దాదాపు 5500, మబ్బు పట్టిన పగలు 6500, నీలాకాశం కింద నీడ 7500 లేదా ఇంకా ఎక్కువ. అంకె పెరిగిన కొద్దీ వెలుగు నీలం వైపు వెళ్తుంది. ఇందులో ఒక తిరకాసు ఉంది. కెమెరాలో మీరు అంకె పెంచితే ఫోటో నీలం కాదు, పసుపు అవుతుంది. ఎందుకంటే మీరు దానికి చెప్పింది "వెలుగు బాగా నీలంగా ఉంది, సరిచెయ్" అని. అది సరిచెయ్యడానికి పసుపు కలుపుతుంది. జమ, ఖర్చు పద్దుల్లాగే ఇది కూడా మొదట్లో తలకిందులుగా కనిపించి, అలవాటయ్యాక సహజమైపోతుంది.

ఇక 'రా' ఫైలు. ఈ పేరు వినగానే మా ఇంట్లో "ఎవరిని పిలుస్తున్నావు?" అని అడిగారు. పిలుపు కాదు, ఇంగ్లీషులో పచ్చిది, వండనిది అని అర్థం. కెమెరా లోపలి పలక మీద కోట్ల కొద్దీ చిన్న చిన్న గళ్ళు ఉంటాయి. ఒక్కొక్క గడి మీద ఎరుపో, ఆకుపచ్చో, నీలమో ఒకే రంగు అద్దం ఉంటుంది. నాలుగు గళ్ళలో రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. కొడాక్ కంపెనీలో పనిచేసిన బ్రైస్ బేయర్ ఈ అమరికకు 1976లో పేటెంట్ పొందాడు. ఇప్పటికీ చాలా కెమెరాల్లో అదే. రా ఫైలులో ఉండేవి ఈ గళ్ళు కొలిచిన అంకెలు మాత్రమే. వైట్ బ్యాలెన్స్ ఆ అంకెల్లో కలవదు. ఫైలు అంచున అంటించిన చీటీలాగా, "ఎరుపును ఇన్ని రెట్లు, నీలాన్ని ఇన్ని రెట్లు చేసి చూడండి" అని విడిగా రాసి ఉంటుంది. పగటి ఎండలో చాలా కెమెరాలకు ఎరుపు ఇంచుమించు రెండు రెట్లు, నీలం ఒకటిన్నర రెట్లు అనుకోవచ్చు. చీటీ చింపి వేరే చీటీ అంటిస్తే ఫోటో రంగు మారుతుంది, మూలం మాత్రం చెక్కు చెదరదు.

బ్యాంకు వాడిగా నాకు ఇది విదేశీ మారకంలాగా కనిపిస్తుంది. మీ అబ్బాయి అమెరికా నుంచి పన్నెండు సార్లు డాలర్లు పంపాడు. ఆ డాలర్లే రా ఫైలు. వాటిని రూపాయల్లోకి మార్చి పుస్తకంలో రాసుకుంటే అది జేపెగ్. ఒక్కొక్క దానికి ఒక్కొక్క రేటు వేసి రాసుకుని, చివర్లో ఆ రూపాయలు చూసి "ఏ నెల ఎక్కువ పంపాడు?" అంటే ఏం తేలుతుంది? ఎక్కువ కనిపించినది డాలర్ల వల్లా, రేటు వల్లా? ఒకదానితో ఒకటి పోల్చాలంటే పన్నెండింటికీ ఒకే రేటు వెయ్యాలి. పొడవాటి పటం అంటే పన్నెండు ఫోటోలను పక్కపక్కన పెట్టి పోల్చడమే కదా! కనుక పన్నెండింటికీ ఒకే కెల్విన్ అంకె, దానికి తోడుగా ఉండే ఆకుపచ్చ–గులాబి అంకె కూడా ఒకటే. ఈ వ్యాసంలో అసలు సంగతి ఇంతే. మిగిలినది దీన్ని ఎక్కడ మరిచిపోతామన్నది.

ఇది కంప్యూటర్లు తెచ్చిన కొత్త బాధ అనుకోకండి. అతుకుల పటానికి అతుకుల బాధ పుట్టినప్పటి నుంచీ ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రభుత్వ ఫోటోగ్రాఫరుగా పనిచేసిన లిన్నేయస్ ట్రైప్ 1858లో తంజావూరు బృహదీశ్వరాలయం పీఠం చుట్టూ ఉన్న శాసనాలను ఫోటోలు తీశాడు. 21 ప్రింట్లు, పక్కపక్కన అతికిస్తే దాదాపు 19 అడుగుల పొడవు చుట్ట. అప్పట్లో రంగులు లేవు గానీ, ప్రింటు గోధుమ వైపు తిరగడం, ఊదా వైపు తిరగడం ఉండేవి. ఒక్క కాగితం ఛాయ తేడా వచ్చినా ఆ చోట గోడ మారిందా అన్న అనుమానం వస్తుంది. చేత్తో కలిపిన రసాయనాలతో 21 కాగితాలను ఒక దారిన నడిపించడం ఎంత పనో ఆలోచించండి. మనం ఇక్కడ ఒక అంకె కాపీ చెయ్యడానికి బద్ధకిస్తున్నాం.

మన హంపీకి కూడా ఇలాంటి కథ ఉంది. (2021లో జిల్లా విడిపోయాక హంపీ విజయనగర జిల్లాలోకి వెళ్ళింది. అయినా మనకు అలవాటు పోదు, "మన హంపీ" అనే అంటాం.) మద్రాసు సైన్యంలో అధికారి అలెగ్జాండర్ గ్రీన్‌లా 1856లో మైనం పూసిన కాగితపు నెగెటివ్‌ల మీద అక్కడి కట్టడాలను తీశాడు. ఆ కాగితానికి నీలం వెలుగు బాగా తెలుస్తుంది, ఎరుపు దాదాపు తెలియదు. అందుకే ఆ కాలపు ఫోటోల్లో ఆకాశం తెల్లగా పాలిపోయి, ఎర్ర నేల ఉన్నదానికన్నా నల్లగా పడుతుంది. 1983లో ఆస్ట్రేలియా ఫోటోగ్రాఫర్ జాన్ గాలింగ్స్ గ్రీన్‌లా నిలబడిన చోట్లే వెతికి పట్టుకుని, అవే దృశ్యాలను మళ్ళీ తీశాడు. రెండూ పక్కపక్కన పెడితే ఏ స్తంభం పడిపోయింది, ఏ చెట్టు పెరిగింది అన్నీ తెలుస్తాయి, నేల రంగు ఒక్కటీ తప్ప. దానికి పాతదాంట్లో సాక్ష్యమే లేదు. అదే గాలింగ్స్ తర్వాత హంపీని చుట్టుచూపు చిత్రాలుగా కూడా తీశాడు. వాటితో సారా కెండర్‌డైన్, జెఫ్రీ షా చేసిన ప్రదర్శన 2006లో విదేశాల్లో మొదలై, 2012లో మన తోరణగల్లు దగ్గర కళాధామ్‌కు చేరింది. మధ్యలో నిలబడి చుట్టూ తిరుగుతూ హంపీని చూడడం! అందులో అతుకు దగ్గర రంగు మారితే మాయ మొత్తం చెడిపోయేది.

నేల రంగు అన్నాను కనుక సండూరు సంగతి చెప్పాలి. నన్నడిగితే బళ్ళారి వాళ్ళకు వైట్ బ్యాలెన్స్ తెలియడం ఫోటోగ్రాఫర్ల సరదా కోసం కాదు, ఈ కొండల కోసం. ఆటో గుమాస్తా లెక్కకు మూలసూత్రం ఒకటుంది. లోకంలోని రంగులన్నీ కలిపి సగటు తీస్తే బూడిద రంగు రావాలి అని. సగటు ఎర్రగా వచ్చిందంటే దీపమే ఎర్రగా ఉందని అనుకుని ఎరుపు తగ్గిస్తాడు. ఇప్పటి కెమెరాలు ఇంతకన్నా తెలివైనవే, అయినా స్వభావం ఎక్కడికి పోతుంది? ఇతన్ని తీసుకెళ్ళి సండూరు కొండల ముందు నిలబెట్టండి. ఫోటో నిండా ఇనుప ఖనిజం ఎరుపు. దీపం ఎర్రగా ఉందని అనుకుని కొండ రంగునే కోసేస్తాడు. అదే రోజు కాస్త పక్కకు తిరిగి పచ్చని చెట్లు ఎక్కువగా ఉన్న వాలు తీస్తే, అక్కడ పచ్చదనం తగ్గించి గులాబి కలుపుతాడు. రెండూ అతికిస్తే పచ్చ కొండ కాస్త ఎండినట్టు, ఎర్ర కొండ కాస్త చల్లబడినట్టు, ఇద్దరూ సగం దారి నడిచొచ్చి రాజీపడినట్టు ఉంటుంది.

ఇది ఊరికే అందచందాల విషయం కాదు. తవ్వకాల రోజుల్లో లారీల వెంట లేచిన ఎర్ర దుమ్ము రోడ్డు పక్క ఆకుల మీద, ఇళ్ళ మీద, ఆరేసిన బట్టల మీద ఎట్లా పడేదో మన హోస్పేట రోడ్డు వాళ్ళకు నేను చెప్పనక్కర లేదు. 2011 జూలైలో సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లాలో ఇనుప ఖనిజం తవ్వకాలను ఆపింది. తర్వాత షరతులతో, పరిమితులతో మళ్ళీ అనుమతించింది. ఆ ముందూ వెనకా ఏళ్ళలో జనం తీసిన ఫోటోలు ఎన్నో ఉన్నాయి. "అప్పుడు ఎంత ఎర్రగా ఉండేది, ఇప్పుడు ఎంత పచ్చబడింది" అని రెండు పక్కపక్కన పెట్టి చూపిస్తుంటారు. ఆ తేడాలో కొండది ఎంత, గుమాస్తాది ఎంత? ఒకే అంకె పెట్టి తీసినవైతే, రోజులో అదే వేళ, అలాంటి ఎండలోనే తీసినవైతే, అప్పుడు ఆ జతకు సాక్షి విలువ ఉంటుంది. కాకపోతే అవి రెండు అందమైన బొమ్మలు, అంతే. ఏ పక్షాన వాదించేవాళ్ళకైనా నేను చెప్పేది ఇదే.

ఇంతకన్నా దగ్గరి సంగతి మా ఇంట్లోనే ఒకటి జరిగింది.

కౌల్ బజారులో మా పెద్దమ్మ వాళ్ళ పాత ఇల్లు, మధ్యలో ఆకాశం కనిపించే తొట్టి ఇల్లు, 2019లో అమ్మేశారు. కొన్నవాళ్ళు పడగొట్టి అంతస్తులు వేశారు. పడగొట్టక ముందు పెద్దమ్మ కూతురి కొడుకు నడిమింట్లో నిలబడి చుట్టూ తొమ్మిది ఫోటోలు తీశాడు. ఆటోలోనే తీశాడు, కానీ మంచి పని ఒకటి చేశాడు, జేపెగ్‌తో పాటు రా కూడా దాచాడు. జేపెగ్‌లు అతికించి అందరికీ పంపాడు. అమెరికాలో, బెంగుళూరులో ఉన్నవాళ్ళు "ఆహా" అన్నారు. పెద్దమ్మ మాత్రం చాలా సేపు చూసి, "ఇది మన ఇల్లు కాదురా" అంది.

"మనదే అవ్వా! ఇదిగో ఉయ్యాల కొక్కెం, ఇదిగో తులసి కోట."

"కొక్కెం మనదే. గోడ మనది కాదు."

ఆమె అన్నది నిజం. ఆ ఇంటికి ప్రతి ఏడూ ఉగాది ముందు సున్నం కొట్టించేవారు, సున్నంలో చిటికెడు నీలిమందు. కనుక గోడ పూర్తి తెలుపు కాదు, లేత నీలం. కింద ఎర్ర గచ్చు. ఫోటో నిండా గోడ ఉన్నచోట గుమాస్తా "నీలం దీపం" అనుకుని దాన్ని తెల్లగా ఉతికేశాడు. గచ్చు ఎక్కువ పడినచోట "ఎర్ర దీపం" అనుకుని అదే గోడను ఇంకా నీలం చేశాడు. ఒకే గోడ ఒక మూల తెలుపు, ఒక మూల నీలం, వంటింటి వైపు పచ్చిపాల రంగు. అతికించే ప్రోగ్రాము అతుకుల దగ్గర ఒక రంగును ఇంకోదానిలోకి మెల్లగా కరిగించింది. గీత కనపడదు, రంగు మాత్రం తెలియకుండా జారిపోతుంది. అతుకు కనిపించడం కన్నా ఇది ప్రమాదం. కనిపిస్తే అనుమానిస్తాం, కనిపించకపోతే నమ్మేస్తాం.

ఇల్లు లేదు. మళ్ళీ వెళ్ళి తీసే దారి లేదు. తొమ్మిది రా ఫైళ్ళు ఉన్నాయి. నేనూ వాడూ ఒక ఆదివారం కూర్చున్నాం. మొదటి ప్రశ్న, ఏది తెలుపు? ఫోటోలో తెల్లగా ఉన్నవి చాలా కనిపించాయి. తీగ మీద పంచ ఉంది, "దాన్ని పట్టుకుందాం మామా" అన్నాడు. వద్దన్నాను. మన పంచలకు నీలిమందు పెడతాం. సబ్బు పొడుల్లో తళతళ కోసం కలిపే మందులు ఎండ తగిలితే నీలంగా వెలుగుతాయి. తెల్ల పంచ తెల్లగా ఉందని మనం అంటామే గానీ, కొలబద్దగా పనికిరాదు. గోడ సరేసరి. స్టీలు బిందె చుట్టూ ఉన్న రంగులన్నీ మింగి కక్కుతుంది. చివరికి మూడో ఫోటోలో నీళ్ళ తొట్టి కనిపించింది, ఉత్త సిమెంటు, రంగు వెయ్యనిది, ఆకాశం కింద ఉన్నది. సిమెంటు కూడా నూటికి నూరు పాళ్ళు బూడిద రంగు కాదు, కాస్త వెచ్చగానే ఉంటుంది. అయినా అక్కడ ఉన్నవాటిలో నమ్మదగిన సాక్షి అదే. దాని పొడి భాగం మీద నొక్కితే 6200 దగ్గర ఒక అంకె వచ్చింది. ఆ అంకెనూ, దాని జత అంకెనూ తొమ్మిదింటికీ వేశాం. తర్వాతే అతికించాం.

ఇక్కడ మా ఇద్దరికీ చిన్న వాదం వచ్చింది. ఒకే అంకె వేశాక దేవుడి గది తలుపులోంచి పాత బల్బు వెలుగు నారింజ రంగులో కనపడింది, స్తంభాల వెనక నీడ కాస్త నీలంగా ఉంది. "ఆ రెండు చోట్లా విడిగా సరిచేస్తాను" అన్నాడు. నా మాట వేరు. ఆ గదిలో దీపం నిజంగా ఎర్రగానే ఉండేది, ఆ మూల నిజంగా చల్లగానే ఉండేది. అన్ని చోట్లా తెలుపును సమానం చేస్తే వెలుగులో తేడాలు చచ్చిపోతాయి, ఇల్లు ఆసుపత్రి వరండా అయిపోతుంది. రేటు ఒకటే అన్నాక ఎవరి ఖాతాలో ఎంత వస్తే అంత.

పెద్దమ్మను పిలిచి చూపించే ముందు కంప్యూటర్ తెరకు రాత్రిపూట పసుపు చేసే సదుపాయం ఆపించాను. లేకపోతే మేం పడ్డ శ్రమంతా దాని పాలే. ఆమె కుర్చీ దగ్గరకు లాక్కుని ఎడమ నుంచి కుడికి మెల్లగా చూసింది. దేవుడి గది దగ్గర ఆగింది. "ఆ బల్బు మార్చమని మీ పెదనాయనకు ఎన్ని మార్లు చెప్పినానో" అంది. గోడ గురించి ఏమీ అనలేదు. అనకపోవడమే మాకు కావలసింది.

సరే, ఇప్పుడు మన హాలు పటానికి వద్దాం. పిల్లలు తెచ్చిన పన్నెండూ జేపెగ్‌లే, రా లేవు. వాటికీ కొంత వైద్యం ఉంది. హగిన్ అనే ఉచిత ప్రోగ్రాము ఫోటోలు ఒకదాని మీద ఒకటి పడే చోట్లను పోల్చి, వెలుగునూ వైట్ బ్యాలెన్సునూ లెక్కగట్టి ఒక దారికి తెస్తుంది. చేయించి చూశాం, చారలు చాలా తగ్గాయి. కానీ పడమటి వైపు, సూర్యుడి దగ్గర, ఎరుపు పూర్తిగా నిండిపోయి ఉంది. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే, 14 బిట్ల రా ఫైలులో 16,384. నిండిపోయిన చోట వెనక్కు లాగడానికి ఏమీ మిగలదు. అందుకని మళ్ళీ తీద్దామనే నిర్ణయించాం. వానలు వెనకబడ్డాక, కార్తీకంలో, గాలిలో దుమ్ము తక్కువ ఉన్న రోజు చూసుకుని.

వెళ్ళేవాళ్ళకు నేను చెప్పినవి ఇక్కడ కూడా రాస్తున్నాను, మీ ఇళ్ళల్లో పిల్లలకు పనికొస్తాయి. కెమెరాలో రా పెట్టుకోవాలి. వైట్ బ్యాలెన్స్ సూర్యుడి బొమ్మ మీద పెట్టి కదపకూడదు. రా తీస్తే తర్వాత మార్చుకోవచ్చు కదా, ఇప్పుడు ఎందుకంటే, తీస్తున్నప్పుడే పన్నెండూ ఒకేలా కనిపిస్తే అనుమానం ఉండదు. పైగా రేపు ఎవరైనా మరిచిపోయి చీటీలో ఉన్నది ఉన్నట్టు తెరిచినా అన్నిటికీ ఒకే అంకె ఉంటుంది. వెలుగు కొలత కూడా చేత్తోనే పెట్టి బిగించాలి. ప్రతి ఫోటో పక్కదాని మీద మూడో వంతు పడాలి. ఆకాశం నీలంగా రావాలని పోలరైజర్ అద్దం తగిలిస్తారు కొందరు, పొడవాటి పటానికి అది శత్రువు. సూర్యుడికి అడ్డంగా ఉన్న ఆకాశాన్ని నలుపు చేసి మిగతాది వదిలేస్తుంది, ఏ వైట్ బ్యాలెన్సూ దాన్ని సరిచెయ్యదు. అంచెలంచెలుగా తాపీగా తియ్యకూడదు. సాయంత్రపు వెలుగు నిమిష నిమిషానికీ మారుతుంది, మొదటి ఫోటోకూ పన్నెండో ఫోటోకూ మధ్య కబుర్లు చెప్పుకుంటే వెలుగు రంగే మారిపోతుంది. మధ్యలో మబ్బు అడ్డం వస్తే మొదటి నుంచి తియ్యాలి. చివర్లో అదే ఎండలో ఒక బూడిద రంగు అట్టను పట్టుకుని ఇంకో ఫోటో. ఆ అట్ట ఖరీదు పెద్దది కాదు. మన కోట బండరాయి బూడిద రంగే కదా అని దాన్ని నమ్ముకోవద్దు. ఎండలో పరిశీలనగా చూడండి, దాంట్లో గులాబి ఉంది.

ఇంకొకటి. ఇద్దరు ఇద్దరి కెమెరాలతో చెరి ఆరు తీసి పని తొందరగా ముగిద్దామని ఒకరు సలహా ఇచ్చారు. రెండు కంపెనీల కెమెరాల్లో 5500 అని పెట్టినా రంగు ఒకటి కాదు. ఒక్క కెమెరా, ఒక్క లెన్సు, ఒక్క చెయ్యి.

కంప్యూటర్లో కూడా గుమాస్తా కాచుకుని కూర్చుని ఉంటాడు. రా ఫైళ్ళు తెరవగానే 'ఆటో' అన్న మీట కనిపిస్తుంది. అన్నిటినీ ఎంచుకుని దాన్ని నొక్కితే అన్నిటికీ ఒకే రంగు వస్తుందని చాలామంది భ్రమ. రాదు, ఒక్కొక్క దానికీ విడిగా లెక్క వేస్తాడు. అట్ట ఉన్న ఫోటో తెరిచి, అట్ట మీద నొక్కి, వచ్చిన రెండు అంకెలనూ మిగిలినవాటికి కాపీ చెయ్యాలి. నీడలు పెంచడం, వెలుగులు తగ్గించడం లాంటివి అతికించాకే చేసుకోవాలి. అవి కూడా ఫోటోను చూసి ఫోటోకు తగ్గట్టు మారే రకం. తర్వాత 16 బిట్ల టిఫ్ ఫైళ్ళుగా తీసి అతికించాలి. లైట్‌రూమ్‌లాంటి ప్రోగ్రాములు 2015 నుంచి రా ఫైళ్ళనే నేరుగా అతికించి, అతికిన దాన్ని కూడా రా లాంటి ఫైలుగానే ఇస్తున్నాయి. అప్పుడు మొత్తం పటానికి తెలుపు తూకం చివర్లో ఒక్కసారి వేసుకోవచ్చు. సౌకర్యమే. అయినా తీసేటప్పుడు సూర్యుడి బొమ్మ మాత్రం మానకండి.

పటంలో ఏం వస్తుందని అడిగినవాళ్ళకు: ఎడమ చివర తూర్పు, కొద్ది దూరంలోనే ఆంధ్ర సరిహద్దు. మధ్యలో ఊరు, కుంబార గుడ్డ. కోట కన్నా ఆ కొండ ఎత్తని కోట కట్టించాక తెలిసి హైదరాలీ ఫ్రెంచి ఇంజనీరుకు ఉరి వేయించాడని మన ఊళ్ళో చెప్పుకునే కథ మీకు తెలిసిందే. కుడి చివర పడమర, దూరంగా సండూరు కొండలు. సాయంత్రం తీస్తే ఎడమ వైపు రాళ్ళు బంగారంలా, కుడి వైపు కొండలు నీలంగా వస్తాయి. ఒకే అంకెతో తీసిన పటంలో ఆ తేడా అట్లాగే ఉంటుంది. "రెండు పక్కలా ఒకేలా లేదే" అని ప్రారంభం రోజున ఎవరూ అనకండి. ఆ వేళ ఊరు అట్లాగే ఉంటుంది.

పటం కింద వరసలో మన కుటుంబాల పాత ఇళ్ళ ఫోటోలు కూడా పెడదామని కార్యవర్గం అనుకుంటోంది. మీ దగ్గర ఉన్నవి వాట్సాప్‌లో పంపకండి, అది ఫోటోను నలిపి చిన్నది చేస్తుంది. కార్డో, పెన్ డ్రైవో తెచ్చి కార్యాలయంలో ఇవ్వండి, కాపీ చేసుకుని అక్కడికక్కడే తిరిగి ఇచ్చేస్తారు. రా ఫైళ్ళు ఉంటే ముందు అవి. వాటితో పాటు గోడ ఏ రంగులో ఉండేదో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి ఒక కాగితం మీద రాసి జత చెయ్యండి.